ఎవరు పేదవారు? – మెడికెయిడ్ అర్హతను తేల్చే లెక్కలు

కొన్నేళ్ల క్రితం నా క్లినిక్‌కి యాభై ఎనిమిదేళ్ల తెలుగావిడ ఒకరు వస్తూండేవారు. భర్త పోయారు. అన్నగారు స్పాన్సర్ చేయగా ఈ దేశం వచ్చి, తరవాత పౌరసత్వం తీసుకొని, ఒక భారతీయ రెస్టారెంటు వంటింట్లో గంటల లెక్కన పని చేస్తూ అద్దె గదిలో ఉండేవారు. చాలాకాలంగా మధుమేహం. ఇన్సులిన్‌తో చక్కెర అదుపులోనే ఉండేది. 2023 చివర్లో ఆవిడ వరుసగా రెండు అపాయింట్‌మెంట్లు తప్పారు. ఆ తరవాత వచ్చినప్పుడు కుడికాలి బొటనవేలు నల్లబడి ఉంది. ఇన్సులిన్ ఆపేసి మూడు నెలలు దాటిందన్నారు. ఎందుకని అడిగితే తల దించుకున్నారు. నేను రికార్డులో "చెప్పిన మందులు వాడడం లేదు" అని రాసి ఆసుపత్రికి పంపాను. వేలు తీసేయవలసి వచ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇవన్నీ పాత అడ్రసుకి వచ్చాయటండీ డాక్టరుగారూ. ఆ ఇంటివాళ్లు మొన్ననే తెచ్చిచ్చారు. బిల్లులేమోనని భయమేసి విప్పలేదు," అన్నారు. నేను ఒక్కొక్క కవరూ విప్పాను. మొదటిది మెడికెయిడ్ రెన్యువల్ ఫారం. రెండోది ఆ ఫారం ఇంకా అందలేదని గుర్తుచేసే ఉత్తరం. మూడోది బీమా రద్దయిందన్న నోటీసు. మందుల దుకాణంలో కార్డు పనిచేయలేదు, ఇన్సులిన్ ధర విని వెనక్కి వచ్చేశారు. అంతే జరిగింది. ఆవిడ ఆదాయం పెరగలేదు, జబ్బు తగ్గలేదు. ఒక ఫారం తిరిగి చేరలేదు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ దేశంలో వైద్యం చేస్తూ, మెడికెయిడ్ రోగులను రోజూ చూస్తూ, ఆ కార్డు ఎవరికి, ఎలా వస్తుందో, ఎలా పోతుందో నాకు సరిగా తెలియదని ఆరోజు అర్థమయింది. వైద్యకళాశాలలో ఇది ఎవరూ చెప్పరు. ఆ తరవాత నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమందికి ఉద్యోగం ద్వారా వచ్చే బీమా ఉంటుంది. ఈ గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కాని గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రులను తెచ్చుకున్నవారికి, ఉద్యోగం పోయిన హెచ్-1బీ కుటుంబానికి, మన గుళ్లలో, హోటళ్లలో, గ్యాస్ స్టేషన్లలో పనిచేసే మనవాళ్లకు ఈ లెక్కలతో ఏదో ఒకరోజు పని పడుతుంది.

తెల్లకార్డుకీ దీనికీ తేడా

మనకు తెలిసిన పద్ధతితో మొదలుపెడదాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తెల్ల రేషన్‌కార్డే అర్హతకు ఆధారం. ఇంటికో కార్డు. కార్డులో పేరుంటే చికిత్స ఉంది. ఆ కార్డు ఎవరికి ఇచ్చారన్నది వేరే కథ. ఆసుపత్రి గుమ్మం దగ్గర మాత్రం ప్రశ్న ఒక్కటే: కార్డుందా, లేదా?

మెడికెయిడ్‌లో ఇంటికంతటికీ కలిపి ఒక సమాధానం ఉండదు. ఒకే కప్పు కింద ఉన్న ఐదుగురికి ఐదు సమాధానాలు రావచ్చు. ప్రతి మనిషి విషయంలోనూ నాలుగు ప్రశ్నలు వేస్తారు. నువ్వు ఏ వర్గానికి చెందినవాడివి? నీ ఇంట్లో ఎందరు, మీ ఆదాయమెంత? నీ పౌరసత్వం లేక వలస హోదా ఏమిటి? ఏ రాష్ట్రంలో ఉంటున్నావు? కొందరిని ఐదో ప్రశ్న కూడా అడుగుతారు: నీ ఆస్తి ఎంత?

మెడికేర్, మెడికెయిడ్ కవల పిల్లలు. లిండన్ జాన్సన్ 1965 జులై 30న ఒకే చట్టం మీద సంతకం చేసి రెండింటినీ స్థాపించాడు. మెడికేర్ ప్రధానంగా వయసును, చేసిన ఉద్యోగాన్ని చూస్తుంది. కేంద్రం నడుపుతుంది. మెడికెయిడ్ అవసరాన్ని చూస్తుంది. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి ఖర్చు భరిస్తాయి, రాష్ట్రం నడుపుతుంది. చేరాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. అందరికంటే చివరగా అరిజోనా 1982లో చేరింది. రాష్ట్రం నడుపుతుంది కనుక పేర్లు కూడా మారుతాయి. కాలిఫోర్నియాలో మెడి-కాల్, మసాచుసెట్స్‌లో మాస్‌హెల్త్, టెన్నెసీలో టెన్‌కేర్, న్యూజెర్సీలో ఫ్యామిలీకేర్. తనకు ఉన్నది మెడికెయిడ్ అని తెలియని రోగులను నేను ఎందరినో చూశాను.

పిల్లల పథకమైన చిప్‌తో కలిపి ఇప్పుడు ఏడు కోట్ల మందికి పైగా దీని నీడన ఉన్నారు. దేశంలో జరిగే ప్రసవాల్లో పదింట నాలుగింటి ఖర్చు దీనిదే. నర్సింగ్ హోముల్లో ఉన్న పదిమందిలో ఆరుగురి ఖర్చూ దీనిదే. "పని చేయని వాళ్లకిచ్చే ఉచిత కార్డు" అని మన విందుల్లో వినిపించే మాట ఈ లెక్కల ముందు నిలబడదు.

పేదరికరేఖను ఎవరు గీశారు?

ఆదాయ పరిమితులన్నీ పేదరికరేఖలో ఇంత శాతం అన్న రూపంలో ఉంటాయి. ఆ రేఖ ఎక్కడిది? 1963–64 ప్రాంతంలో సోషల్ సెక్యూరిటీ శాఖలో పనిచేసే మాలీ ఓర్షాన్‌స్కీ అనే ఆవిడ దాన్ని లెక్కగట్టింది. వ్యవసాయశాఖ వేసిన అతిచవక తిండి ప్రణాళికను ఆవిడ ఆధారంగా తీసుకుంది. 1955 సర్వే ప్రకారం కుటుంబాలు తమ ఆదాయంలో సుమారు మూడోవంతు తిండికి ఖర్చు పెట్టేవి. అందుకని తిండి ఖర్చును మూడుతో గుణించింది. అదే రేఖ. ఆ తరవాత ధరల పెరుగుదలను బట్టి ఏటా సవరిస్తూ వస్తున్నారు. మూలసూత్రం మాత్రం అదే.

ఇప్పుడు తిండి ఖర్చు వాటా బాగా తగ్గింది. అద్దె, పిల్లల సంరక్షణ, వైద్యం పెరిగాయి. అయినా 2025 లెక్క ప్రకారం ఒంటరి మనిషికి రేఖ ఏడాదికి 15,650 డాలర్లు. ఇంట్లో ఒక్కొక్క మనిషి పెరిగినకొద్దీ 5,500 కలుపుతారు. అంటే నలుగురికి 32,150. అలాస్కా, హవాయిలకు వేరే అంకెలున్నాయి. మిగిలిన నలభై ఎనిమిది రాష్ట్రాల్లో మన్‌హటన్‌లో ఉన్నా మిసిసిపీ పల్లెలో ఉన్నా రేఖ ఒకటే. అద్దెలో తేడా ఈ రేఖకు కనబడదు.

పేదరికం ఒక్కటే చాలదు

మొదటి నుంచీ మెడికెయిడ్ పేదలందరికీ ఉద్దేశించింది కాదు. సహాయానికి "తగిన" పేదలకు ఉద్దేశించింది. చిన్నపిల్లలు, వారి తల్లిదండ్రులు, గర్భిణులు, వృద్ధులు, అంధులు, వికలాంగులు. పిల్లలు లేని, ఆరోగ్యంగా కనిపించే పేదవాడికి అందులో చోటు లేదు. చాలాకాలం నగదు సంక్షేమ సహాయం అందేవారికే ఈ కార్డు దానంతటదే వచ్చేది. 1996 సంక్షేమ సంస్కరణ చట్టం ఆ ముడిని విప్పింది. 1997లో పిల్లల కోసం చిప్ వచ్చింది.

2010లో వచ్చిన ఒబామా ఆరోగ్యచట్టం ఈ వర్గాల గోడను పడగొట్టాలని చూసింది. 19 నుంచి 64 ఏళ్ల వయసు వారెవరికైనా, ఆదాయం రేఖకు 133 శాతం లోపల ఉంటే కార్డు ఇవ్వాలంది. లెక్కలో మరో ఐదు శాతం వదిలేస్తారు కనుక అది ఆచరణలో 138 శాతం. కాని 2012 జూన్‌లో సుప్రీంకోర్టు ఈ విస్తరణకు రాష్ట్రాలను బలవంతపెట్టరాదని తీర్పు చెప్పింది. ఇప్పటికి నలభై రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం ఒప్పుకున్నాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, టెన్నెసీ, అలబామా, మిసిసిపీ, సౌత్ కరొలైనా, కాన్సస్, వయోమింగ్, విస్కాన్సిన్ ఒప్పుకోలేదు. మన తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్, అట్లాంటా నగరాలు ఈ జాబితాలోని రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

నా రోగి డాలస్‌లో ఉన్నారనుకుందాం. మైనరు పిల్లలు లేరు, వైకల్యం నిర్ధారణ కాలేదు. ఆవిడ ఆదాయం సున్నా అయినా టెక్సస్‌లో మెడికెయిడ్ రాదు. పోనీ, మార్కెట్‌ప్లేస్‌లో ప్రభుత్వ రాయితీతో బీమా కొనుక్కుందామంటే ఆ రాయితీ పేదరికరేఖ దగ్గర మొదలవుతుంది. ఏడాదికి పదహారు వేలు సంపాదిస్తే రాయితీ ఉంది, పధ్నాలుగు వేలు సంపాదిస్తే లేదు. అంతకన్నా పేదవారికి మెడికెయిడ్ ఉంటుందన్న నమ్మకంతో రాసిన చట్టం అది. కోర్టు తీర్పు తరవాత మధ్యలో గొయ్యి మిగిలిపోయింది.

ఆదాయం, ఇల్లు: మొదటి తక్కెడ

65 ఏళ్లలోపు పెద్దలకు, పిల్లలకు, గర్భిణులకు 2014 నుంచి ఒకే తక్కెడ వాడుతున్నారు. దాని పేరు సవరించిన సర్దుబాటు స్థూలాదాయం. పేరు భయపెట్టినా ఇది మనం ఏటా నింపే పన్ను పత్రంలోని సర్దుబాటు స్థూలాదాయమే. దానికి పన్ను లేని వడ్డీ, సోషల్ సెక్యూరిటీ పింఛనులో పన్ను పడని భాగం, విదేశంలో సంపాదించి పన్ను మినహాయింపు పొందిన జీతం కలుపుతారు. పిల్లల పోషణకు విడాకుల తరవాత వచ్చే సొమ్ము లెక్కలోకి రాదు. ఈ తక్కెడలో ఆస్తి ఊసే లేదు. బ్యాంకులో ఎంత ఉందని అడగరు, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే.

ముఖ్యమైన మెలిక ఇంకొకటి ఉంది. పన్ను లెక్క ఏడాదిది, మెడికెయిడ్ లెక్క దరఖాస్తు చేసిన నెలది. జనవరి నుంచి ఆగస్టు దాకా లక్ష డాలర్లు సంపాదించి సెప్టెంబరులో ఉద్యోగం పోయిన వ్యక్తి, అక్టోబరు ఆదాయాన్ని బట్టి అర్హుడు కావచ్చు. నిరుద్యోగ భృతి వస్తే అది ఆదాయంలో కలుస్తుంది.

2025లో ఒంటరి మనిషికి 138 శాతమంటే నెలకు సుమారు 1,800 డాలర్లు. గంటకు పదిహేను డాలర్ల చొప్పున వారానికి ఇరవై ఏడు గంటలు పనిచేస్తే నెలకు 1,755 వస్తుంది. అర్హత ఉంది. ఇరవై తొమ్మిది గంటలు చేస్తే 1,885. అర్హత లేదు. వారానికి రెండు గంటల అదనపు పని కార్డును తీసేస్తుంది. "నాకు ఎక్కువ గంటలు వేయొద్దని మా ఓనరుగారికి చెప్పండి" అని రోగులు నన్ను ఎందుకు అడిగేవారో ఈ లెక్క తెలిశాక అర్థమయింది. నేను అప్పట్లో అది సోమరితనమనుకున్నాను.

ఇక ఇల్లంటే ఎవరు? ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్య, భర్త, ఇద్దరు చిన్న పిల్లలు. భర్త తల్లి వారితోనే ఉంటున్నారు, వయసు అరవై, ఆదాయం లేదు. కొడుకు ఆవిడను పన్ను పత్రంలో ఆశ్రితురాలిగా చూపిస్తాడు. కొడుకు అర్హత లెక్కలో ఇంట్లో ఐదుగురు. తల్లి అర్హత లెక్కలో మాత్రం ఆవిడ ఒక్కరే. భర్తగాని, తల్లిదండ్రులుగాని కాని వేరొకరు ఆశ్రితులుగా చూపించిన మనిషిని మెడికెయిడ్ విడిగా లెక్కిస్తుంది. కొడుకు జీతం ఆవిడ తక్కెడలో పడదు. (కొడుకే వలస స్పాన్సరయితే కథ మారుతుంది. దాని సంగతి ముందు చెబుతాను.) పిల్లల పరిమితి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పెద్దలకంటే బాగా ఎక్కువ. అందువల్ల తల్లిదండ్రులకు అర్హత లేకపోయినా పిల్లలకు మెడికెయిడో చిప్పో రావడం మామూలే. "మా జీతం ఎక్కువన్నారు" అని ఇంటిల్లిపాదికీ దరఖాస్తు మానేసే తండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆస్తి: రెండో తక్కెడ

65 ఏళ్లు నిండినవారికి, వైకల్యం ఆధారంగా అడిగేవారికి, నర్సింగ్ హోము ఖర్చు కోరేవారికి వేరే తక్కెడ ఉంది. దాని మూలం 1972లో చట్టమైన ఎస్ఎస్ఐ అనే నగదు సహాయం. ఇందులో ఆదాయమూ చూస్తారు, ఆస్తీ చూస్తారు. ఎస్ఎస్ఐ ఆస్తి పరిమితి ఒంటరివారికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. ఈ అంకెలు 1989 నుంచి మారలేదు. రాష్ట్రాలు ఇంతకంటే ఉదారంగా ఉండవచ్చు, కొన్ని ఉన్నాయి. చాలా రాష్ట్రాలు ఇదే పట్టుకొని ఉన్నాయి. ఉంటున్న ఇల్లు, ఒక కారు సాధారణంగా లెక్కలోకి రావు.

మనవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఇక్కడ వస్తుంది. గుంటూరులో ఉన్న ఇల్లు, కరీంనగర్ దగ్గర ఉన్న రెండెకరాలు చెప్పాలా? చెప్పాలి. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ముఖ్యం కాదు. అమ్మి వాడుకోగల స్థితి ఉందా అన్నది ముఖ్యం. అన్నదమ్ముల మధ్య తగవులో ఉండి అమ్మలేని భూమి సంగతి వేరు, దానికి కాగితాలు చూపించాలి. దరఖాస్తు మీద చేసే సంతకం ప్రమాణపూర్వకమైనది. దాచడం నేరం.

నర్సింగ్ హోము విషయంలో గత అరవై నెలల లావాదేవీలు కూడా చూస్తారు. ఆ ఐదేళ్లలో పొలం మనవడికి రాసిచ్చినా, ఫ్లాటు కూతురి పేర పెట్టినా, ఆ విలువకు తగినన్ని నెలలు మెడికెయిడ్ చెల్లింపు ఆగుతుంది. మన దృష్టిలో అది పసుపు కుంకుమ కింద ఇచ్చిందో, వారసత్వమో కావచ్చు. చట్టం దృష్టిలో అది అర్హత కోసం ఆస్తి వదిలించుకోవడం కాదని నిరూపించే భారం మనదే. భార్యాభర్తల్లో ఒకరు నర్సింగ్ హోముకు వెళితే ఇంట్లో మిగిలినవారు వీధిన పడకూడదని 1988లో ఒక రక్షణ తెచ్చారు. ఆ రెండోవారు 2025లో గరిష్ఠంగా 1,57,920 డాలర్ల వరకూ ఆస్తి ఉంచుకోవచ్చు. రాష్ట్రాన్ని బట్టి ఈ అంకె తగ్గవచ్చు. 55 ఏళ్లు దాటిన తరవాత మెడికెయిడ్ భరించిన నర్సింగ్ హోము, దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చును, మనిషి పోయాక మిగిలిన ఎస్టేటు నుంచి రాష్ట్రం రాబట్టుకోవాలని 1993 చట్టం చెబుతోంది. భార్యో భర్తో బతికి ఉన్నంతకాలం మాత్రం రాబట్టరు.

వైకల్యం విషయంలో వైద్యులుగా మనం చేసే తప్పు ఒకటుంది. "ఈ రోగి వికలాంగుడు" అని ఒక వాక్యం రాసిచ్చి బాధ్యత తీరిందనుకుంటాం. ఆ నిర్ణయం చేసేది మనం కాదు. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, వారంలో ఎన్ని రోజులు నొప్పితో మంచాన ఉంటారు అన్నవి రికార్డులో ఉంటే నిర్ణయించేవారికి పనికొస్తుంది.

ఐదేళ్ల గోడ

1996 ఆగస్టు 22న సంతకమైన సంక్షేమ చట్టం, ఆ తేదీన గాని, ఆ తరవాతగాని వచ్చిన గ్రీన్‌కార్డుదారుల్లో ఎక్కువమందికి ఐదేళ్లపాటు కేంద్ర నిధులతో నడిచే మెడికెయిడ్ ఇవ్వకూడదంది. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న పెద్దలకు అది వర్తించదు. న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాలు సొంత ఖర్చుతో కొందరిని చేర్చుకుంటాయి. 2009 చట్టం ప్రకారం, చట్టబద్ధంగా నివసిస్తున్న గర్భిణులకు, పిల్లలకు ఐదేళ్ల ఎదురుచూపు లేకుండా ఇచ్చే వెసులుబాటు రాష్ట్రాలకుంది. అలా ఒప్పుకున్న రాష్ట్రాల్లో హెచ్-4 మీద ఉన్న గర్భిణి కూడా అర్హురాలు కావచ్చు. ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు. తల్లిదండ్రుల హోదా ఆ బిడ్డ అర్హతను తగ్గించదు.

తల్లిదండ్రులను పిలిపించుకొనేటప్పుడు మనం సంతకం చేసే హామీ పత్రం ఉత్తుత్తి కాగితం కాదు. అది న్యాయస్థానంలో చెల్లే ఒప్పందం. వారు పౌరులయ్యేవరకు, లేదా నలభై త్రైమాసికాల పని వారి ఖాతాలో చేరేవరకు అది నడుస్తుంది. ఐదేళ్లు నిండాక వారు మెడికెయిడ్ అడిగితే, స్పాన్సరు ఆదాయాన్ని వారి ఆదాయంగా లెక్కగట్టవచ్చు. రెండు లక్షలు సంపాదించే కొడుకున్న తల్లి చేతిలో పైసా లేకపోయినా కాగితం మీద ధనికురాలు.

ఐదేళ్లు వరుసగా నివసించిన 65 ఏళ్లు నిండిన గ్రీన్‌కార్డుదారులు మెడికేర్‌ను కొనుక్కోవచ్చు. ఇక్కడ ఎవరూ ఉద్యోగం చేయని దంపతులకు 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, వైద్యుల భాగానికి 185 డాలర్లు. మనిషికి 703. ఇద్దరికీ కలిపి నెలకు 1,406. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసేరోజే ఈ అంకె, దానికి ముందు గడవాల్సిన ఐదేళ్లు, లెక్కలో ఉండాలి. గుండెపోటు వచ్చాక ఎమర్జెన్సీ గది బయట నిలబడి తెలుసుకోవలసిన సంగతి కాదిది.

ఎమర్జెన్సీ అంటే ఒకమాట. ఆసుపత్రి ఎవరినైనా పరీక్షించి, ప్రాణాపాయం తప్పేదాకా చూడాలని 1986 చట్టం చెబుతోంది. అది వైద్యం ఇమ్మంటుంది, బిల్లు మాఫీ చేయమనదు. మిగిలిన అర్హతలన్నీ ఉండి వలస హోదా ఒక్కటే అడ్డయితే, ప్రసవంతో సహా అత్యవసర చికిత్సకు మాత్రం మెడికెయిడ్ చెల్లించవచ్చు.

"మెడికెయిడ్ తీసుకుంటే గ్రీన్‌కార్డు రాదట" అన్న భయం కూడా వినిపిస్తుంటుంది. ప్రభుత్వానికి భారమవుతారా అన్న పరీక్ష నిబంధనలు 1999, 2019, 2022లలో మారాయి. 2022 నిబంధన నగదు సహాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థలో ఉండడాన్ని మాత్రమే చూసింది. ఇవి మళ్లీ మారగలవు. కనుక దరఖాస్తు పెండింగులో ఉన్నవారు వాట్సాప్ సలహా కాకుండా వలస న్యాయవాది సలహా తీసుకోవడం మేలు. పౌరులైన పిల్లలకు బీమా మానిపించడం మాత్రం ఈ భయానికి మందు కాదు.

నిర్ణయం, మళ్లీ నిర్ణయం

దరఖాస్తు అందాక మామూలుగా 45 రోజుల్లో, వైకల్యం నిర్ధారించవలసి ఉంటే 90 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆదాయాన్ని పన్ను, సోషల్ సెక్యూరిటీ, యజమానుల జీతపు వివరాలతో కంప్యూటరు పోల్చి చూస్తుంది. తేడా వస్తే కాగితాలు అడుగుతారు. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలు హక్కుంది. ఉన్న బీమా తీసేసేముందు సాధారణంగా పది రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. రద్దు తేదీ లోపల అప్పీలు కోరితే విచారణ ముగిసేదాకా బీమా కొనసాగుతుంది.

అర్హత ఒకసారి తేలితే అయిపోదు. ఏటా మళ్లీ తేల్చాలి. కోవిడ్ కాలంలో ఎవరినీ తీసేయకూడదన్న నియమం 2023 మార్చి 31తో ముగిసింది. ఆ తరవాత ఏడాదిన్నరలో రెండున్నర కోట్ల మందికి పైగా తొలగింపుకు గురయ్యారు. వారిలో సుమారు మూడింట రెండొంతుల మందిని అనర్హులని తేల్చి తీసేయలేదు. ఫారం రాలేదనో, కాగితం చాలలేదనో తీసేశారు. నా రోగి వారిలో ఒకరు.

ఆవిడ గడువులోపల ఆ కవరు విప్పి ఉంటే, రద్దయిన తొంభై రోజుల్లోగా ఫారం పంపితే కొత్త దరఖాస్తు లేకుండానే కేసు మళ్లీ తెరిచేవారు. ఆ గడువు దాటిపోయింది. మా క్లినిక్ సోషల్ వర్కరు కొత్త దరఖాస్తు పెట్టించింది. అప్పటి నియమం ప్రకారం, దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో అర్హత ఉండి ఉంటే ఆ నెలల బిల్లులకూ మెడికెయిడ్ చెల్లిస్తుంది. ఆసుపత్రి బిల్లు అలా తీరింది. వేలు తిరిగి రాలేదు.

2025 జులై 4న సంతకమైన చట్టం ఈ దారిని ఇంకా ఇరుకు చేస్తోంది. విస్తరణ కింద చేరిన పెద్దలకు ఏడాదికోసారి కాక ఆరునెలలకోసారి పునర్నిర్ణయం చేస్తారు. 2027 నుంచి నెలకు ఎనభై గంటల పని, చదువు లేదా సేవ చేసినట్టు, లేదా మినహాయింపు ఉన్నట్టు చూపాలి. వెనకటి బిల్లుల మూడు నెలలు వారికి ఒక నెలకు తగ్గుతాయి. 2026 అక్టోబరు నుంచి శరణార్థులు సహా పలు వర్గాల వలసదారులకు కేంద్ర నిధుల అర్హత పోతుంది. గ్రీన్‌కార్డుదారులకు ఐదేళ్ల నియమం అలాగే ఉంటుంది. పని నియమం కొత్తదేమీ కాదు. 2018లో ఆర్కన్సా దాన్ని అమలు చేసినప్పుడు, మరుసటి ఏడాది కోర్టు ఆపేలోపు పద్దెనిమిది వేల మందికి పైగా బీమా పోయింది. నా రోగి అప్పటికే పనిచేస్తున్న మనిషి. ఆవిడకు కష్టమైనది పని కాదు, పని చేస్తున్నానని ప్రతిసారీ కాగితం మీద చూపించడం.

పరిమిత నిధులున్నప్పుడు ఎవరికి ఇవ్వాలో తేల్చక తప్పదు, తేల్చడానికి కాగితం అడగక తప్పదు. దాన్ని నేను కాదనను. కాని అర్హత లేనివాడు పొందకుండా చూసే జాగ్రత్తలో, అర్హత ఉన్నవాడు పోగొట్టుకోకుండా చూసే జాగ్రత్త సగమైనా కనిపించదు. మొదటి తప్పుకు ఆడిట్లున్నాయి. రెండో తప్పు ఆసుపత్రి మంచాల మీద తేలుతుంది.

ఆవిడ రికార్డులో నేను రాసిన వాక్యం కింద "బీమా రద్దు కావడం వల్ల ఇన్సులిన్ అందలేదు" అని సవరణ చేర్చాను. ఇప్పుడు ప్రతి రోగినీ రక్తపోటు చూసేముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: ఇల్లు మారారా? ఏమైనా కవర్లు వచ్చాయా? మీకు తెలిసిన పెద్దవారెవరైనా ఇంగ్లీషు ఉత్తరాలను సంచిలో దాచుకుంటున్నారేమో ఒకసారి అడిగి చూడండి. వాటిని విప్పి చదివి పెట్టడానికి మెడికల్ డిగ్రీ అక్కర్లేదు. ఒక ఆదివారం సాయంత్రం చాలు.